ఏటి అవతల చిక్కిన రాజు

ఆశ్వయుజ శుద్ధ నవమి, గురువారం, పొద్దెక్కి నాలుగు ఘడియలైన వేళ, కమలగిరి అనే ఒకానొక రాజ్యంలో రాజుగారి ఏనుగు చంద్రేరు దాటి నల్లకొండ సీమలో అడుగుపెట్టింది.

అంబారీలో బలభద్ర భూపాలుడూ, ఆయన ఆస్థానంలో మాటకారిగా పేరుపడ్డ వల్లభయ్యా ఉన్నారు. తన కొత్త శాసనం ఎంత చక్కగా నడుస్తోందో కళ్లారా చూసుకోవాలని రాజుగారి ముచ్చట. వల్లభయ్య ఆరాటం వేరు. కూతురు అలివేలు తొలికాన్పుకి పుట్టింటికి వచ్చి ఉంది. నెలలు నిండాయి, బిడ్డ అడ్డం తిరిగిందన్నారు. అలాంటి కాన్పు చెయ్యగల మంత్రసాని అంకమ్మ ఒక్కతే. ఆమె ఉన్నది ఏటి అవతల. ఎలాగైనా ఆమెను ఏనుగెక్కించి తీసుకుపోవాలని ఆయన రాజును బయల్దేరదీశాడు.

ఏనుగెందుకంటే, పడవ లేదు గనక.

పెద్దల నాటి నుంచి ఆ రాజ్యంలో రైతు కట్టిన పన్నును మూడు పాళ్లు చేసేవారు. రెండు పాళ్లు కోటకి. సైన్యానికీ, రాచబాటలకీ, కరువొస్తే పోసే గంజికీ అవి. మూడో పాలు సీమ కొఠారులోనే ఉండిపోయేది. ఏటి మీద పడవకీ, కాలవ గట్లకీ, మంత్రసానికి కొలిచే గింజలకీ అదే ఆధారం.

బలభద్ర భూపాలుడికి అది కంటగింపయింది. "రాజును నేనైతే పెత్తనం కొఠారువాళ్లదా? మూడు పాళ్లూ కోటవే. ఎవరికేం కావాలన్నా నా ముద్ర పడాల్సిందే" అన్నాడు. వద్దన్న మంత్రుల మీద విరుచుకుపడ్డాడు.

వల్లభయ్య వద్దనలేదు. చేతులు కట్టుకుని, "ప్రభూ, ఇంకొక్క మాట వేయిస్తే దిట్టంగా ఉంటుంది. 'సాక్షాత్తూ రాజే వచ్చి అడిగినా సరే, ముద్ర లేనిదే కొఠారులోంచి గింజ కదలరాదు' అని" అన్నాడు.

రాజు మీసం దువ్వాడు. "భేష్! అదీ శాసనమంటే!"

మరమ్మతుకి ముద్ర పడక, ఆర్నెల్లు తిరక్కుండానే పడవ సందులు విచ్చి నల్లకొండ గట్టున బోర్లా పడింది.

సరే, ఆ నవమి నాడు అంకమ్మ మూట సర్దుకుని ఏనుగు దగ్గరికి వచ్చేసరికి, కొండల్లో కురిసిన వాన ఏట్లోకి దిగింది. ఎర్రనీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి. మావటి ఎంత అదిలించినా ఏనుగు నీళ్లలో కాలు పెట్టలేదు.

అవతలి గట్టు మీంచి వల్లభయ్య ఇంటి పాలేరు గొంతు చించుకున్నాడు. "అయ్యా! అమ్మాయిగారికి నొప్పులొచ్చాయి!"

వల్లభయ్య గట్టు అంచుదాకా పరుగెత్తాడు. రాజుకని వేసిన ముడి తన మెడకే బిగిసిందేమోనని అమ్మవారికి లోలోపలే దణ్ణం పెట్టుకున్నాడు.

"పడవ దింపండి!" అని రాజు గర్జించాడు.

పడవ నడిపే సరంగు గంగులు తల గోక్కున్నాడు. "దింపితే మునుగుద్ది మారాజా. సందుల్లో నార కుక్కాలి, గుగ్గిలం కాచి పొయ్యాలి. రెండూ కొఠారులోనే ఉన్నాయి."

"అయితే తెండి!"

కొఠారు కాపరి పాపినీడు వణుకుతూ తలుపుకి అడ్డం నిలబడ్డాడు. "ముద్ర కావాలండి."

"ఒరే, నేనెవరో తెలుసా?"

"తెలుసండి. అందుకే ఇంత భయం. తమరొచ్చి అడిగినా ఇవ్వొద్దని తమరే రాయించారు."

రాజు తన వేలు చూసుకున్నాడు. వేలు బోసిగా ఉంది. ఆ రాజ్యంలో నవమి నాడు కత్తులతోపాటు రాజముద్రికనీ పూజలో పెడతారు. దశమి వెళ్లేదాకా దాన్ని ఎవరూ తాకకూడదు. ముద్ర ఏటి అవతల, రాజు ఇవతల.

అంకమ్మ మూట కింద పెట్టి నడుం మీద చేతులేసుకుంది. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదంటే ఇదే బాబూ! ముద్ర వచ్చేదాకా ఆగమంటే బిడ్డ ఆగుద్దా?"

రాజు ముఖం ఎర్రబడింది. మెడలో హారం తీశాడు. "ఇది తీసుకుని గుగ్గిలం కొనండి."

"కొందాం ప్రభూ. అమ్మే అంగడి కూడా అవతలి గట్టునే ఉంది" అన్నాడు వల్లభయ్య. "అయినా ఇవాళ పడవకి హారం ఇస్తారు. రేపు కాలవకి గండి పడితే కడియం ఇస్తారు. ఎల్లుండికి తమ ఒంటి మీద ఏం మిగులుతుంది? రైతు ఇచ్చిందే ఇక్కడ కాస్త ఉండనిస్తే తమరి నగలు తమకే ఉంటాయి."

"నీతులు తర్వాత! ఇప్పుడేం చెయ్యమంటావో చెప్పు!"

"ముద్ర కావాలని రాసింది కోట సొమ్ము కొఠారులోంచి అడగడానికి. తమరు సీమకి పాలు తిరిగి ఇచ్చెయ్యడానికి కావాలని ఎక్కడా రాయలేదు. మూడో పాలు మళ్లీ సీమదేనని అందరిముందూ ఒక్కమాట అనండి. అప్పుడా గుగ్గిలం వీళ్లది. వీళ్ల గుగ్గిలం వీళ్లు వాడుకోడానికి కోట ముద్ర దేనికి?"

రాజు అక్కడున్న వాళ్లందరి వైపూ తిరిగాడు. "సీమ పాలు సీమదే" అన్నాడు. పాపినీడు తలుపు తీసి, గుగ్గిలం తట్ట తనే మోసుకొచ్చాడు.

అప్పుడు తట్టింది రాజుకి. "ఏమోయ్ వల్లభయ్యా! ఆ మెలిక నా చేత రాయించింది నువ్వే కదటోయ్!"

"తమరు భేష్ అన్నారు గనకే రాశారు ప్రభూ."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, భుజాన ఉన్న జరీ శాలువా తీసి వల్లభయ్య చేతిలో పెట్టాడు. "పుట్టబోయే బిడ్డకి ఇది నా కానుక. నీకు చంద్రేటి ఒడ్డున నాలుగెకరాల మాగాణి."

పొద్దు వాలకముందే పడవ నీళ్లలోకి దిగింది. ఆదరాబాదరాగా పోసిన గుగ్గిలం, ఓ మూల నీరు ఊరుతూనే ఉంది. రాజుగారు తన వెండి తాంబూలపు పెట్టెతో నీళ్లు తోడిపోస్తూ కూర్చున్నారు. "వంగి తోడండి బాబూ, వంగి!" అని అంకమ్మ అదిలిస్తూనే ఉంది.

దీపాలు పెట్టే వేళకి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. అంకమ్మ చేతులు కడుక్కుంటుంటే వల్లభయ్య రాజుగారి శాలువా తెచ్చి గుమ్మం దగ్గర అందించాడు.

మర్నాడు దశమి. ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ నిద్ర లేపలేదు. ఎండ గడప దాటాక వల్లభయ్య భార్య కామాక్షమ్మ లేచి, అంకమ్మకి తలంటు పోసి, కొత్తచీర పెట్టి, రేవుదాకా సాగనంపింది. పడవ ముక్కుకి పసుపు రాసి కుంకం పెట్టింది. గడ్డిమోపుల వాళ్లూ, పెరుగు కుండల వాళ్లూ తోసుకుంటూ ఎక్కుతున్నారు. పడవ అవతలి ఒడ్డు చేరేదాకా చూసి, ఇంటికొచ్చి బాలింతకి పథ్యం వండటానికి పొయ్యి రాజేసింది.