కత్తి దూయని అల్లుడయ్య

పసులకనుమలో బస్సు దిగి ఎర్రమట్టి దారిన కొండవైపు నడిస్తే, కనుమ మొదట్లో వరుసగా నిలబెట్టిన వీరగల్లులు కనిపిస్తాయి. పోరులో పడిపోయిన వీరులకు పూర్వం ఊరివారు నిలిపిన రాళ్ళివి. ప్రతి రాతి మీదా ఒక వీరుడు, ప్రతి వీరుడి చేతా దూసిన కత్తి. వరుస చివర చిన్న రాతి మండపంలో వెలసిన స్వామి మాత్రం ఒరలో ఉన్న కత్తినే రెండు చేతులా కర్రలా పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆయన కుడిభుజం పైన అరచేయంత మేర రాయి గరుకుగా, ఉలితో చెక్కి పారేసినట్టు ఉంటుంది. కొత్తగా వచ్చిన భక్తులు శిల్పికి పని రాదనుకుంటారు. పాపం, ఆ మాచోజు మీద అంత మాట పడకూడదు. ఆ గరుకు చోటే ఈ క్షేత్రానికి ప్రాణం. భక్తులు వెన్న రాసేదీ, మొక్కుకునేదీ అక్కడే.

స్వామి పేరు బొల్లనదేవర. ఆ పేరుతో పిలిచేవారు అరుదు, చుట్టుపక్కల అందరికీ ఆయన అల్లుడయ్యే. ఈ ఆవరణలో కత్తి బయటికి తీయకూడదు. టెంకాయ బయట బండమీద కొడతారు, నిమ్మకాయ అసలు కోయరు. కొడవలితో పొలం నుంచి నేరుగా వచ్చినవారు కూడా దానికి గుడ్డ చుట్టి మరీ అడుగు పెడతారు. ఇల్లరికపు అల్లుళ్ళకు ఇక్కడ తొలి తీర్థం. ఇల్లరికమంటే లోకానికి ఎంత చులకనో అందరికీ తెలిసిందే. ఆ చులకనను ఈ గడప బయటే వదిలి రావాలి.

పూర్వం ఇక్కడ, కనుమకు కాపలా కాసిన కుటుంబాల కాలంలో, మల్లసాని అనే ఇల్లాలు ఉండేది. ఆమె నోటికి జడిసి ఊరి కుక్కలు కూడా ఆ వాకిట పడుకునేవి కావట. ఆ నోరు ఊరికే వచ్చింది కాదు. వీరగల్లుల వరుసలో మొదటి మూడు రాళ్ళూ ఆమె ఇంటివే. భర్త, పెద్దకొడుకు, చిన్నకొడుకు ముగ్గురూ పసుల కోసం జరిగిన పోరుల్లో కత్తి దూసి పడిపోయారు. ఊరు రాళ్ళు నిలిపి, పాలు పోసి, ఆహా ఓహో అంది. మల్లసాని నలుగురి ఎదుటా తలెత్తుకునే నిలబడింది. ఇంటికి వచ్చి, ఖాళీ పీటలు చూసుకుని ఆమె ఎంత ఏడ్చిందో ఊరికి తెలియదు.

మిగిలింది కూతురు పోలమ ఒక్కతే. ఆ పిల్ల పసుపుకుంకుమలైనా నిలవాలని మల్లసాని కనుమలో ఎవరికీ ఇవ్వలేదు. ఏటి అవతల పసులు మేపుకునే చుట్టాల ఇంటినుంచి బొల్లనను ఇల్లరికం తెచ్చుకుంది. పెళ్ళిపీటల మీదికి రాకముందే అతణ్ణి పెరట్లోకి పిలిచి, చేతిలో చేయి వేయించుకుంది.

“మీ మామ కత్తి పండగనాడు నడుముకు కట్టుకో, అది ఇంటి మర్యాద. దాన్ని దూసిననాడు మాత్రం నా గడప తొక్కకు” అంది.

బొల్లన నవ్వాడు. “నువ్వు వద్దన్నాక ఎందుకు దూస్తాను అత్తా?” అన్నాడు.

వీరుల ఇంటి ఇల్లాలు అటువంటి మాట తీసుకుందంటే నలుగురూ నవ్విపోతారు. అందుకే ఆమె దాన్ని కూతురికి కూడా చెప్పకుండా కడుపులో దాచుకుంది.

బొల్లన మెత్తని మనిషి. అతనికి వచ్చిన విద్య ఒక్కటే, పిలుపు. కొండ ఇవతల నిలబడి నోటికి చేతులు అడ్డం పెట్టి పిలిస్తే, అవతల మేస్తున్న ఆవులు మేత వదిలి వచ్చేవి. తిండి మాత్రం ఘనంగా తినేవాడు. అత్తగారింటి కత్తికి తుప్పు పట్టించడానికి వచ్చిన అల్లుడని ఊరు ఎగతాళి చేస్తే, తానూ కలిసి నవ్వేవాడు. మల్లసాని పొద్దున లేచింది మొదలు అతణ్ణి ఆడిపోసుకునేది. మెల్లగా నడుస్తాడని, గట్టిగా నవ్వుతాడని, గంగాళమంత సంగటి చేసినా చాలదని. అంటూనే విస్తట్లో మరో ముద్ద వేసి, ఉలవచారు పోసేది. ఇంకొకరు ఒక్క మాట అన్నారో, వాళ్ళ మీద దుమ్మెత్తిపోసేది. తన అల్లుణ్ణి తిట్టడానికి తానుండగా మధ్యలో వీళ్ళెవరని ఆమె కోపం.

ఇలా ఉండగా ఒక మాఘమాసంలో, మగవాళ్ళంతా కొండ అవతలి జాతరకు పోయిన పగటివేళ, దొంగదండు వచ్చిపడింది. వాళ్ళ నాయకుడి దగ్గర ఒక మాయకొమ్ము ఉండేది. అది ఊదితే ఎవరి పసులైనా సరే కట్టుతాళ్ళు తెంచుకుని వాడి వెంట నడిచేవి. ఊళ్ళో మిగిలింది ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, బొల్లన. పోలమకు నెలలు నిండుతున్నాయి. కళ్ళెదుటే మందంతా మంత్రించినట్టు కనుమవైపు కదిలిపోయింది.

బొల్లన మామ కత్తి నడుముకు కట్టుకుని గడప దగ్గరికి వచ్చాడు. “పోయొస్తా అత్తా” అని, పోకుండా ఒక్క క్షణం అక్కడే నిలబడ్డాడు. అతను దేనికోసం ఆగాడో మల్లసానికి తెలుసు. తీసుకున్న మాటను ఆమె తిరిగి ఇచ్చేస్తే చాలు. కత్తి దూయలేనివాడు పోరు దాకా పోడులే, దూరం నుంచే చూసి తిరిగొస్తాడులే అని ఆ తల్లి ఆశపడింది. ఊరంతటినీ ఏలిన నోరు ఆ క్షణాన పెగలలేదు. బొల్లన తల ఊపి వెళ్ళిపోయాడు.

కొంతసేపటికి కనుమలోంచి అతని పిలుపు వినిపించింది. మళ్ళీ వినిపించింది. ఆ తర్వాత మంద ధూళి రేపుకుంటూ ఇంటిదారి పట్టింది. ఒక్క దూడ తప్పిపోకుండా పసులన్నీ తిరిగొచ్చాయి, పిలిచినవాడు రాలేదు.

ముసలివాళ్ళు పోయి అతణ్ణి కంబళిలో మోసుకొచ్చారు. గాయాలన్నీ రొమ్మునే ఉన్నాయి. కత్తి మాత్రం మట్టీ నెత్తురూ గడ్డకట్టి ఒరలోనే ఉంది.

జాతరనుంచి తిరిగొచ్చిన ఊరిపెద్ద గుండమనాయుడు అది చూసి పెదవి విరిచాడు. ఆయన మల్లసాని భర్తకు అన్నగారు, న్యాయం తెలిసినవాడు, కాకపోతే మొండివాడు. చేతులు జోడించి ప్రాణభిక్ష అడిగి ఉంటాడని, దొంగలు పొడిచి పోయి ఉంటారని, పసులు వాటంతటవే బెదిరి వచ్చాయని తేల్చాడు. కత్తి దూయనివాడికి రాయి నిలపడం ఈ కనుమలో లేదన్నాడు. రాయి లేకపోతే ఏటేటా పాలు లేవు, నీళ్ళు లేవు, తలుచుకునే దిక్కు లేదు. పుట్టబోయే బిడ్డను పిరికివాడి బిడ్డ అని జీవితాంతం వేలెత్తి చూపుతారు.

మల్లసాని ఊరుకునే మనిషా? నాయుడి వాకిట్లో కూలబడి, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనంది. తిట్టింది, ఏడ్చింది, మళ్ళీ తిట్టింది. కానీ కత్తి ఎందుకు దూయలేదని అడిగితే మాత్రం నోరు విప్పలేదు. చివరికి ముసలాయన మనసు కరిగింది. పోనీలే, అందరిలాగే కత్తి దూసినట్టు చెక్కిద్దాం, వందేళ్ళు పోయాక అడిగేదెవరు, అన్నాడు. మల్లసానికి ప్రాణం లేచొచ్చింది. అల్లుడికి రాయి దక్కుతుంది, తన గుట్టు దాగుతుంది. సరేనని తలూపింది.

శిల్పి మాచోజు పని మొదలుపెట్టాడు. భుజం మీదుగా ఎత్తిన చేయి, చేతిలో తళతళలాడే కత్తి, చూసినవారంతా భేష్ అన్నారు. రాయి నిలపడానికి ముందురోజు మధ్యాహ్నం మల్లసాని వంటింట్లో కొంగు పరుచుకుని నడుం వాల్చింది. కునుకులో బొల్లన కనిపించాడు. గడప అవతల ఎండలో నిలబడి ఉన్నాడు. విస్తరి వేసి, సంగటి పెట్టి, లోపలికి రమ్మంది. అతను కదలలేదు. ఆకలిగా ఉందన్నట్టు విస్తరి వంక చూశాడు, సిగ్గుపడి తల దించుకున్నాడు. అప్పుడు ఆమె అతని కుడిచేయి చూసింది. అందులో దూసిన కత్తి ఉంది.

“ఇది పట్టుకుని ఎట్లా వచ్చేది అత్తా? గడప తొక్కొద్దన్నావు గదా” అన్నాడు.

మల్లసాని ఉలిక్కిపడి లేచింది. చిలక్కొయ్యకు వేలాడుతున్న కత్తిని ఒరతో సహా దించుకుని, తలైనా దువ్వుకోకుండా, మాచోజు పనిచేసే చోటికి పరుగెత్తింది. మర్నాటి పనికోసం ఊరంతా అక్కడే గుమికూడి ఉంది. నాయుడి ఎదుట నిలబడి, పెరట్లో చేయి వేయించుకున్న సంగతి మొదలుకొని గడప దగ్గర నోరు పెగలని సంగతి దాకా అంతా చెప్పేసింది. విన్నవాళ్ళలో కొందరికి ఒళ్ళు మండింది. నీ మాట వల్లే కదమ్మా వాడు చచ్చాడు, అని ఎవరో అననే అన్నారు.

“అవును, నా మాట వల్లే చచ్చాడు” అంది మల్లసాని. “ఆ కత్తి చెక్కితే మాట తప్పినవాడు కూడా అవుతాడు బావా. బతికుండగా తప్పనివాణ్ణి, పోయాక మనం తప్పించడమేమిటి?”

ఆమె ఒరను నాయుడి చేతిలో పెట్టింది. నెత్తురూ మట్టీ కడిగినప్పుడు ఆమె ఒక్కతే చూసి, గుట్టు బయటపడుతుందని దాచినది, ఇప్పుడు ఊరంతా చూసింది. తోలు మీద చోటు లేకుండా కత్తివేట్లు. లోపలి కర్ర పగిలిపోయి ఉంది, కొసనున్న ఇనుప పొన్ను వంగిపోయి ఉంది. ఆ పగులులో నల్లని కొమ్ముముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. పిలుపుతో మందను తిప్పుతూ, ఒరతోనే దండును అడ్డుకుంటూ, దొంగల నాయకుడి మాయకొమ్మును పగలగొట్టి మరీ పడిపోయాడన్నమాట అల్లుడు. దూసిన కత్తితో పోరాడి చావడం తన తమ్ముడికీ తెలుసని, మాటతో కట్టేసిన చేతులతో ఇంతసేపు నిలిచినవాణ్ణి మాత్రం తాను ఎరగనని నాయుడు చెప్పాడు. భిక్ష అడిగాడన్న తన నోటినే తిట్టుకున్నాడు. తలపాగా తీసి ఆ ఒర ముందు పెట్టాడు.

మాచోజు ఉలి అందుకుని, భుజం మీదుగా ఎత్తిన చేతినీ కత్తినీ చెక్కి పారేశాడు. మిగిలిన రాతిలోనే ఒరను, దాన్ని పట్టుకున్న రెండు చేతులను మలిచాడు. నున్నగా చేస్తానని అతనంటే మల్లసాని వద్దంది. తాను చేయబోయిన తప్పు పదిమందికీ కనిపిస్తూ ఉండాలని, అల్లుడి భుజానికి ఆ మచ్చ తనదేనని చెప్పి, గరుకు రాతి మీద తన చేత్తో వెన్న రాసింది. రాయి నిలిపాక దాని ముందు విస్తరి వేసి, గడప లేని ఆ చోట ఒక గడపరాయి పాతించి, ఎప్పుడూ అరిచినట్టే అరిచి పిలిచింది. ఆ రోజు మధ్యాహ్నం కునుకులో బొల్లన వట్టి చేతులతో వచ్చి పీట మీద కూర్చున్నాడట. రెండోసారి ఉలవచారు కూడా అడిగాడట.

పోలమకు పుట్టిన కొడుకు సంతతివారే నేటికీ ఇక్కడ అర్చకులు. ఏటా మాఘపున్నమినాడు అల్లుడి విస్తరి జరుగుతుంది. అత్తలు సంగటి, ఉలవచారు వండి తెచ్చి, స్వామి ముందు విస్తరి వేసి, తమ అల్లుళ్ళ చేతులు పట్టుకుని గరుకు భుజానికి వెన్న రాయిస్తారు. మాటల్లేని అత్తా అల్లుళ్ళు ఇక్కడ మాట కలుపుతారని, చెప్పవలసిన మాట గొంతులో అడ్డుపడినవారికి నోరు పెగులుతుందని భక్తుల నమ్మకం. నైవేద్యానికి మంత్రమేదీ లేదు. గుంపులో అందరికంటే పెద్ద వయసు అత్తగారు గడపరాతి దగ్గర నిలబడి, మల్లసాని ఆనాడు పిలిచినట్టే, కనుమంతా వినపడేలా పిలుస్తుంది.

“కత్తి ఒరలోనే ఉందిలే నాయనా, లోపలికి రా. సంగటి చల్లారిపోతోంది.”