రాజుగారి మరువం

నీళ్ళకు కరువంటే ఏమిటో తెలియని రాజ్యం ఒకటి ఉండేది. అక్కడ కరువున్నదల్లా సింహాసనం మీదే, అదీ తెలివికి. ఆ సింహాసనం మీద కూర్చున్నవాడు విజయమార్తాండ భూపతి. ఆయనకు ఏడాది పొడుగునా పడిశం. ముక్కు ఎప్పుడూ దిబ్బడే. మల్లెలు తెచ్చి చూపినా, మురిగిన చేప తెచ్చి చూపినా ఒకేలా కళ్ళు మూసుకుని, "ఆహా, ఏమి పరిమళం!" అనేవాడు. రాజుగారు అన్నాక సభ ఊరుకుంటుందా? అందరూ ముక్కులు ఎగబీల్చి "ఆహా" అనేవారు.

ఆయనకు ఇంకో జబ్బు కూడా ఉంది. ఎవరికి ఏ మాట ఇచ్చినా ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "మేము మరువం" అనేవాడు. భోజనం చేసి లేచేసరికి మరిచిపోయేవాడు. కొలువులో విదూషకుడు దేచనకు కిందటేడు పట్టుశాలువా ఇస్తానన్నాడు. దేచన ఇప్పటికీ చిరుగుల కండువాతోనే తిరుగుతున్నాడు. "మా రాజుగారి తోటలో మరువానికి లోటు లేదు, వాసనే రాదు" అని వంటశాలలో చెప్పి అందరినీ నవ్విస్తుండేవాడు.

అలాంటి కొలువులోకి శరభశాస్త్రి అనే వైద్యుడు దిగబడ్డాడు. పడమటి ఎడారి దేశాల్లో మూలికావైద్యం చదివి వచ్చానన్నాడు. తలపాగా ఎంత పెద్దదంటే గుమ్మం దగ్గర వంగక తప్పలేదు. ఆయన వంగింది ఆ ఒక్కచోటే. వస్తూనే నిప్పుల మీద ఆ ఎడారి చెట్ల బంక, గుగ్గిలం, గుప్పెడు చల్లాడు. రాజు దగ్గాడు, తుమ్మాడు, కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. చివరికి ఒకవైపు ముక్కు కాస్త తెరుచుకుంది.

ఉన్నమాట చెప్పాలి. గుగ్గిలం పొగ తగిలితే దిబ్బడ వేసిన ముక్కుకు కాస్త హాయిగా ఉంటుందని ఆ ఊళ్ళో బాలింతలకు ధూపం వేసే ముసలమ్మలందరూ అనేవారు. కానీ వాళ్ళ మాట ఎవరు వింటారు? వాళ్ళకు తలపాగాలు లేవాయె.

"ప్రభూ! ఎడారి మొక్కకు నీళ్ళు దొరకవు. అందుకని తన సత్తువంతా సువాసనగా దాచుకుంటుంది. ఆ సువాసన పీలిస్తే పడిశం, తలనొప్పి, అజీర్ణం, దిగులు అన్నీ పోతాయి" అన్నాడు శాస్త్రి.

"శత్రుభయం?" రాజు ఆశగా అడిగాడు.

"అదీ పోతుంది."

"కానీ మన రాజ్యంలో ఎడారి లేదే!"

"లేకపోతే చేయించండి. పూలపాడు తోటల్లో మరువం లేదూ? పేరులోనే దాని గుణం ఉంది. మరు అంటే ఎడారి. మరుభూమిలో పుట్టింది గనకే అది మరువం. ఆ మొద్దులు దానికి నీళ్ళు పెట్టి పాడుచేస్తున్నారు. కాలువ తూము మూయించి, తోటల్లో ఇసుక పోయించండి. అప్పుడు చూడండి దాని ప్రభావం!"

సభ ఆహా అంది. దేచన మాత్రం లేచాడు. పూలపాడు అతని అత్తవారి ఊరు.

"శాస్త్రిగారూ, ఊరంతా తాగేది కూడా ఆ కాలువ నీళ్ళే" అన్నాడు.

"అయితే వాళ్ళకీ సత్తువ పెరుగుతుంది" అన్నాడు శాస్త్రి, మీసం దువ్వుకుంటూ.

పున్నమి వెళ్ళగానే తూము మూయాలని ఆజ్ఞ వెలువడింది. పూలపాడు పెద్దలు పరుగున వచ్చి కాళ్ళ మీద పడ్డారు. "తోటలు ఎండితే మేము ఏ దేశం పట్టిపోవాలి మహాప్రభో!" అని ఏడ్చారు. రాజు ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "మీ గోడు మేము మరువం" అన్నాడు. భోజనానికి లేచాడు. మరిచాడు.

ఆ పూట ఇంట్లో దేచన భార్య అక్కమ్మ కంచం ముందు పెట్టి, అన్నం వడ్డించలేదు. "ఏమండీ, మా అన్నయ్య తట్టాబుట్టా సర్దుకుంటున్నాడట. ఆ మహారాజును నవ్వించడానికే తప్ప మీ నోరు ఇంకెందుకూ పనికిరాదా?" అంది. దేచన ఖాళీ కంచం ముందు నుంచి లేచాడు. రాజు మీద, శాస్త్రి మీద, అందరికంటే ఎక్కువగా ఆహా అన్న సభ మీద అతనికి ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు సభలో లేచి శాస్త్రికి సాష్టాంగపడ్డాడు. "ప్రభూ, ఈయన మామూలు మనిషి కాదు. పేరులోనే గుణం ఉందన్నారు. తమ పేరు మార్తాండులు, అంటే సాక్షాత్తూ సూర్యుడు. సూర్యుడు మండే చోటే గదా ఎడారి! తమరు ఇక్కడ ఉండగా ఎడారి పూలపాడులో ఎందుకు? మొదటి ఎడారి ఈ కొలువుకూటంలోనే వెలవాలి. ఇక్కడ మరువం గుబాళించాకే తూము సంగతి."

రాజు ఉబ్బిపోయాడు. శాస్త్రి ఏదో అనబోయి ఆగాడు. కాదంటే, పేరులో గుణం లేదనాలి, లేదా రాజుగారు సూర్యుడు కాదనాలి. రెండూ ప్రమాదమే.

రత్నకంబళ్ళు తీసి బండ్లకొద్దీ ఇసుక పోశారు. పూలపాడు నుంచి మరువపు మొక్కలు తెచ్చి నాటారు. సూర్యుడికి విసనకర్ర దేనికని వింజామరలు ఆపించాడు దేచన. నాలుగు మూలలా గుగ్గిలం ధూపం వేయించాడు. అసలే ఎండాకాలం. మూడోనాడు పొద్దున్నే రాజు ఆ ఇసుక మధ్య కిరీటం పెట్టుకుని కూర్చున్నాడు.

"మంచినీళ్ళు" అన్నాడు కాసేపటికి.

దేచన అడ్డం పడ్డాడు. "ఎడారిలో నీళ్ళా! తడి తగిలితే సత్తువ పోతుందని శాస్త్రిగారి సిద్ధాంతం. అంతేనా స్వామీ?"

"సి... సిద్ధాంతమే" అన్నాడు శాస్త్రి, పిడచకట్టిన నాలుకతో.

ఎండ ముదిరింది. సభాసదులు ఆహా అందామన్నా నోరు పెగలడం లేదు.

"దేచనా, నా ప్రాణం పోయేలా ఉందిరా!"

"అది ప్రాణం కాదు ప్రభూ, సత్తువ సువాసనగా మారుతోంది. ఇంకాసేపట్లో తమరు గుబాళిస్తారు."

ఇంతలో స్తంభం వెనక బుడుంగుమని చప్పుడైంది. అందరూ అటు పరుగెత్తారు. శరభశాస్త్రి దొంగతనంగా నీళ్ళ గంగాళంలో మొహం పెట్టి తాగుతున్నాడు. తలపాగా జారి గంగాళంలో తేలుతోంది.

"అయ్యయ్యో! స్వామీ, తమ సత్తువ పలచబడిపోదూ?" అన్నాడు దేచన.

రాజు శాస్త్రిని పక్కకు తోసి, ఆ తలపాగా తీసి విసిరేసి, దోసిళ్ళకొద్దీ నీళ్ళు తాగాడు. తేరుకుని మరువపు మొక్కల వైపు చూశాడు. అన్నీ తలలు వాల్చేశాయి. పొద్దుటి నుంచి పీల్చిన ధూపానికి ఆయన ముక్కు రెండువైపులా తెరుచుకుని ఉంది. ఒక కొమ్మ తుంచి వాసన చూశాడు. ఎండుగడ్డి కంపు.

అప్పుడు దేచన తన తడి కండువా మడతలోంచి ఒక పచ్చని రెమ్మ తీసి అందించాడు. రాజు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయనకు నిజంగా ఒక వాసన తెలిసింది.

"ఏమిటిది?"

"మరువమే ప్రభూ. పూలపాడు కాలువ నీళ్ళు తాగిన మరువం. గుగ్గిలం ఎడారిలోనే పుట్టనివ్వండి, వర్తకులు తెచ్చిపెడతారు. దానికోసం మన కాలువను చంపనక్కర్లేదు. తమరు ఒక్క పూట దాహానికి ఆగలేకపోయారు. అక్కడ పసిపిల్లలున్నారు."

రాజు ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. "తూము మూయించము. నీకు పట్టుశాలువా ఇప్పిస్తాము. మేము మరువం."

దేచన రెండు చేతులూ జోడించి వెనక్కి జరిగాడు. "ఆ మరువం వద్దు ప్రభూ! అది కిందటేడు కూడా నాటారు. మొలకెత్తలేదు."

రాజు మొహం ఎర్రబడింది. ఆ వెంటనే పొట్ట పట్టుకుని పగలబడి నవ్వాడు. తన భుజం మీది శాలువా తీసి అక్కడికక్కడే దేచనకు కప్పాడు. ఆజ్ఞ రద్దయిందని పూలపాడుకు రౌతును పంపి, అతను తిరిగి వచ్చేదాకా భోజనానికి లేవలేదు.

కొలువుకూటంలోని ఇసుకంతా శాస్త్రి చేతనే మోయించారు. గంప తర్వాత గంప మోస్తూ తిరిగాడు. ఈసారి తలపాగా లేదు గనక గుమ్మంలో వంగే బాధ తప్పింది.

అది మొదలు రాజు ఎప్పుడు "మేము మరువం" అన్నా సభలో ఎవరో ఒకరు, "నీళ్ళు పోశారా ప్రభూ?" అనేవారు. రాజు నవ్వి, ఇస్తానన్నది అప్పటికప్పుడే ఇచ్చి భోజనానికి లేచేవాడు.