నిప్పుకొండకు వెళ్ళిన కువలయుడు

ఏడు సముద్రాలకు ఇవతల కేతకీపురం అనే రాజ్యం ఉండేది. దాన్ని వీరసేనుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ప్రతాపుడు, రెండోవాడు ప్రచండుడు, మూడోవాడు కువలయుడు. పెద్దవాళ్ళిద్దరూ ఎండకు ఎండినా వానకు తడిసినా చెక్కుచెదరని మనుషులు. కువలయుడి ఒళ్ళు మాత్రం పుట్టినప్పటినుంచీ మహా సున్నితం. జరీ అంచు మెడకు తగిలితే దద్దుర్లు లేచేవి. గుర్రం మీద కాస్త దూరం పోతే చెమటకు మోచేతి మడతలు ఎర్రబడి మండేవి. అందుకని అతను ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు బట్టలే కట్టేవాడు.

"మా తమ్ముడు వెన్నెల్లో తిరిగినా కందిపోతాడు" అని అన్నలు నవ్వేవాళ్ళు. కువలయుడూ వాళ్ళతో కలిసి నవ్వేవాడు గాని, ఆ నవ్వు పెదవులు దాటి లోపలికి వెళ్ళేది కాదు.

ఒక ఏడాది పడమటి గాలి ఆ రాజ్యం మీదికి ఒక పొగను మోసుకొచ్చింది. బూడిదరంగు పొగ, గంధకం వాసన. ఆరేసిన బట్టల మీద, కోసిన పూల మీద, వడ్డించిన అన్నం మీద కూడా సన్నటి బూడిద రాలేది. పొగ ఇంకా సముద్రం మీద ఉండగానే కువలయుడి మెడ మండేది. "తలుపులు వేయండి, వస్తోంది" అనేవాడు. కాసేపటికి వచ్చేది. మొదట్లో అతనొక్కడికే బాధ. తర్వాత ఊళ్ళో పసిపిల్లల బుగ్గలు పగిలాయి. ఆ తర్వాత ముసలివాళ్ళ చేతులు పుళ్ళు పడ్డాయి. గోక్కోకుండా తల్లులు పిల్లల చేతులకు గుడ్డలు చుట్టి పడుకోబెట్టేవాళ్ళు.

రాజు ఓడవాళ్ళను పిలిపించి అడిగాడు. ఏడు సముద్రాలకు అవతల ఒక దీవిలో నిప్పుకొండ ఉందనీ, ధూమకేశుడనే మాంత్రికుడు పోయిన యవ్వనం తెచ్చుకోవడానికి ఆ కొండ కడుపులో పగలూ రాత్రీ ఏదో మందు కాస్తున్నాడనీ వాళ్ళు చెప్పారు. అతని ప్రాణం ఒక చిలకలో ఉందట. ఆ చిలక కొండలోనే ఉందిగాని, ఎక్కడుందో చూసినవాళ్ళు లేరట.

పెద్దవాడు ఇనప కవచం తొడుక్కుని బయలుదేరాడు. బూడిద కవచంలో దూరి, చెమటతో కలిసి, ఒరుసుకుని ఒళ్ళంతా పుండైంది. సగం దారిలోనే తిరిగొచ్చాడు. రెండోవాడు కవచమే వద్దని వట్టి ఒంటితో వెళ్ళి, బొబ్బలతో తిరిగొచ్చాడు. ఇద్దరి పుళ్ళూ చల్లటి నీళ్ళతో కడిగి కొబ్బరినూనె రాసింది కువలయుడే. అదయ్యాక తండ్రి దగ్గరికి వెళ్ళి, "నేను వెళ్తాను నాన్నగారూ" అన్నాడు.

"కిటికీ తీస్తేనే మండిపోతావు, నువ్వెక్కడికి నాయనా?" అన్నాడు రాజు.

"అందుకే వెళ్తానంటున్నాను. ఒళ్ళు మండితే ఏం చేయాలో అన్నయ్యలకు తెలీదు. నాకు పుట్టినప్పటినుంచీ అదే పని."

రాజు అతని తల మీద చేయి పెట్టి పంపాడు.

కువలయుడు నూలు బట్టల మూట, మంచినీళ్ళ తిత్తి పట్టుకుని నడిచాడు. కొంత దూరం పోయాక ఎండిపోయిన గుంటలో ఒక గేదె కనబడింది. దాని చర్మం బూడిదకు పగిలి నెత్తురు కారుతోంది. అతను దగ్గర్లో వాగు వెతికి, దాన్ని మెల్లగా తోలుకెళ్ళి నీళ్ళలో దింపాడు. గేదె ఒళ్ళంతా బురద పూసుకుని హాయిగా ఊపిరి వదిలింది.

"నాయనా, మండాక పూసుకుంటే సగమే ఫలం. మండకముందే పూసుకోవాలి. ఈ వాగు అడుగున మెత్తటి మట్టి ఉంది, పట్టుకుపో" అంది. అతను మట్టి మూటగట్టుకున్నాడు.

సముద్రపు ఒడ్డున ఒక తాబేలు కళ్ళలో బూడిద పడి తడుముకుంటోంది. కువలయుడు తిత్తిలో నీళ్ళతో దాని కళ్ళు కడిగాడు. "నాకు చూపిచ్చావు, నీకు దారిస్తాను. ఎక్కు" అంది తాబేలు. ఉప్పు సముద్రం దాటారు, చెరకు సముద్రం దాటారు, కల్లు సముద్రం దాటారు. నేతి సముద్రంలో కువలయుడు ఒక కొబ్బరిచిప్ప నిండా నెయ్యి ముంచుకున్నాడు. పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీటి సముద్రం కూడా దాటేసరికి ఆకాశం కనబడకుండా పోయింది. దీవి ఒడ్డున దిగేటప్పటికి అతని మెడ, చేతులు నిప్పులా ఉన్నాయి. ఎంత వద్దనుకున్నా గోళ్ళు వాటంతట అవే చర్మం మీదికి వెళ్ళాయి.

ఎవరో అతని చేయి పట్టుకుని ఆపారు. ఆమె ఆ దీవి రాజు కూతురు, పేరు పున్నాగ. ముఖానికి తడిగుడ్డ కట్టుకుని ఉంది.

"గోకకండి. గోకిన చోట రేపు ఇంకా మండుతుంది" అంది.

"తెలుసు. తెలిసినా ఆగడం లేదు."

"ఎవరికీ ఆగదు. మా వాళ్ళు సగంమంది దీవి వదిలి వెళ్ళిపోయారు. మా నాన్న ఉన్నారని నేనున్నాను."

ఆమె అతన్ని ఇంటికి తీసుకెళ్ళి తలుపులు మూసి, చల్లటి నీళ్ళు పోయించింది. రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దుకోమంది. అతను తెచ్చిన నేతిని రాగిపళ్ళెంలో వేసి, నీళ్ళు పోస్తూ, వంపుతూ, నూరుసార్లు కడిగింది. నెయ్యి వెన్నకంటే తెల్లగా, చల్లగా తయారైంది. ఒంటి తడి ఆరకముందే దాన్ని రాయించింది. కువలయుడికి చాలా నెలల తర్వాత మంచి నిద్ర పట్టింది.

తెల్లవారుజామున గాలి కొండకు అవతలి సముద్రం వైపు తిరుగుతుందని పున్నాగ చెప్పింది. ఆ వేళ చూసుకుని అతను ముందుగా నెయ్యి రాసుకున్నాడు. దాని మీద నూలు బట్టలు కట్టి, వాటి మీద వాగు మట్టి మెత్తాడు. ముక్కూ నోరూ కప్పుతూ తడిగుడ్డ చుట్టుకుని, మిగిలిన నెయ్యి చిప్పలో పెట్టుకుని, నీళ్ళ తిత్తి భుజాన వేసుకుని కొండెక్కాడు.

పైన మూడు గుహలున్నాయి. మొదటిదాని ముందు చేయి పెడితే చల్లగా ఉంది. రెండోదాని ముందు వెచ్చగా ఉంది. మూడోదాని ముందు పెడితే చర్మం చురుక్కుమంది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. 'చిలకను ఎవరూ కాలు పెట్టలేని చోటే దాచి ఉంటాడు' అనుకుని అందులోకే వెళ్ళాడు.

లోపల ఒక పంజరంలో చిలక ఉంది. ఒంటి మీద ఒక్క ఈక లేదు. తన చర్మాన్ని తనే ముక్కుతో పొడుచుకుంటోంది. కువలయుడికి చిన్నప్పుడు జాగారం చేసి గోక్కున్న రాత్రులన్నీ గుర్తొచ్చాయి. దాని మెడ పిసికితే మాంత్రికుడు చస్తాడని అతనికి తెలుసు. కాని చేతులు ఆ పనికి వెళ్ళలేదు. తిత్తిలో నీళ్ళతో దాన్ని కడిగి, గుడ్డతో అద్ది, నెయ్యి రాశాడు.

చిలక అతని అరచేతిలో ముడుచుకుని కూర్చుంది. "అతని ప్రాణం నాలో పెట్టాక అతని నొప్పి కూడా నాకే వచ్చింది. పొగ అతనిది, మంట నాది. అతనికి ఏమీ తెలియదు" అంది.

"ప్రాణం వెనక్కి తీసుకోగలడా?"

"తలుచుకుంటే చిటికెలో తీసుకుంటాడు. తలుచుకోడు."

అంతలో ధూమకేశుడు వచ్చాడు. పళ్ళూడిన ముసలివాడు, ముఖమంతా కాలిన మచ్చలు. చిలక ఇంకొకరి చేతిలో ఉండటం చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఎవడ్రా నువ్వు? దాన్ని వదులు."

"వదులుతాను తాతా. నీ ప్రాణం నువ్వు తీసుకో, ఈ పక్షిని నాకివ్వు. లేదంటే ఇది నా చేతిలోనే ఉంటుంది. చేతిలో ఉన్నదాన్ని ఏమైనా చేయవచ్చు" అన్నాడు కువలయుడు.

'ప్రాణం నాలోకి వచ్చాక వీణ్ణి బూడిద చేయడం ఎంతసేపు' అనుకున్నాడు మాంత్రికుడు. మంత్రం చదివి ప్రాణాన్ని తన గుండెలోకి లాక్కున్నాడు. వెంటనే రెండో మంత్రానికి చేయెత్తాడు. ఆ చేయి మెడ మీదికి పోయింది. రెండో చేయి వీపు మీదికి పోయింది. అన్నేళ్ళ పొగలో కాగిన చర్మం ఒక్కసారిగా మేలుకుంది. ఒక్క మంత్రమూ నోటికి రాలేదు. నేల మీద పడి దొర్లాడు.

కువలయుడు దగ్గర కూర్చుని అతని చేతులు పట్టుకున్నాడు. "గోకకు తాతా. కడుగుతాను, ఉండు."

కడిగి నెయ్యి రాశాడు. ముసలివాడు కాస్త తేరుకుని, "ఇది మళ్ళీ వస్తుందా?" అని అడిగాడు.

"కొండ పొగ వదిలినంతకాలం వస్తుంది. సముద్రానికి అవతల పసిపిల్లలకు కూడా వస్తోంది."

ధూమకేశుడు చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. తర్వాత లేచి, కాగుతున్న మందును తనే ఒలకబోసి, కొండ నోరు మూసే మంత్రం చదివాడు. పొగ మెల్లగా విడిపోయింది. ఆ తర్వాత అతను మిగతా ముసలివాళ్ళలాగే ఆ దీవిలో బతికి, తన వంతు వచ్చినప్పుడు పోయాడు.

చిలకకు కొత్త ఈకలొచ్చాయి. రెక్కలు గట్టిపడగానే అది అడవిలోకి ఎగిరిపోయింది. కేతకీపురం నుంచి వీరసేనుడు, అన్నలిద్దరూ ఓడలో వచ్చి, పున్నాగతో కువలయుడి పెళ్ళి జరిపించారు. దీవి రాజుకు కొడుకులు లేరు గనక రాజ్యం అల్లుడికే అప్పగించాడు. వెళ్ళిపోయినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు.

నిప్పుకొండ నిప్పుకొండే కదా, ఎవరూ కదపకపోయినా అప్పుడప్పుడు ఊపిరి వదిలేది. అలాంటి రోజున రాజుగారి మెడ మండేది. వెంటనే ఊరంతా డప్పు వేయించేవాడు. జనం తలుపులు వేసుకుని, పిల్లలకు నెయ్యి రాసి, గాలి తిరిగేదాకా కథలు చెప్పుకుంటూ కూర్చునేవాళ్ళు. కువలయుడు, పున్నాగ తల నెరిసేదాకా ఆ దీవిని అలా కనిపెట్టుకుని ఏలారు.