ఊ అంటే ఎక్కడ

యానాంలో మెస్యే మాస్టారి దగ్గర ఫ్రెంచి, స్పానిషు నేర్చుకునే మేమెవ్వరం ఆయన తిట్లకు భయపడింది లేదు. ఆయన తిట్టి ఎరగరు. మా భయమంతా ఆయనకున్న ఒక్క అలవాటుకే. పాఠం మధ్యలో ఎవరైనా పొరపాటున "ఊఁ" అన్నారా, చెబుతున్నది చప్పున ఆపేసి, ఆ మనిషి కళ్ళలోకి చూసి, "ఎక్కడ?" అనేవారు. అన్నవాడు నీళ్ళు నమిలేవాడు. మాస్టారు పాఠాన్ని మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకునేవారు.

ఫ్రెంచిలో "ఊ" అంటే "ఎక్కడ" అని అర్థం. మనం కథలకు కొట్టే ఊ, వాళ్ళు దారి అడిగే ఊ చెవికి ఒకటే. ఈ సంగతి మాకు మొదటి వారంలోనే తెలిసింది. తెలిశాక మా గొణుగుడు ఇంకా పెరిగింది. రెండు భాషల్లో ఒక్క అచ్చు కలిసినంత మాత్రాన ఇంత రాద్ధాంతమా? స్పానిషులో "సీ" అంటే "అవును" అట. మనకది ముక్కు మూసుకుని అనే మాట. "కాఫీ కావాలా?" అని అడిగితే మొహం చిట్లించకుండా "సీ" అనడానికి మా ధనరాజు పడ్డ పాట్లు చూసి మాస్టారే పడీపడీ నవ్వారు. సీ కి నవ్వే మనిషి ఊ కి ఎందుకు నవ్వడో మాకు అంతుపట్టేది కాదు.

ఆయన అసలు పేరు పొన్నమండ సోమలింగం. వయసంతా ఫ్రాన్సులో హోటళ్ళలో పనిచేసి వచ్చారు గనక ఊరు ఆయన్ని మెస్యేని, అంటే ఫ్రెంచి అయ్యగారిని, చేసింది. గౌతమి కనబడే మేడగదిలో చదువు చెబుతారు గనక మాస్టారు అని తగిలించింది. ఒంటరి మనిషి. శిష్యులంతా హోటళ్ళలో చేరదామని వచ్చిన కుర్రకారు. నేనొక్కణ్ణే వాళ్ళకి పెదనాన్న వరస. మడ అడవుల్లోకి పడవ షికారు తీసుకెళ్ళే గైడుని. వచ్చిన విదేశీయులకి కొంగల గురించి చేతులతో అభినయించి చెప్పలేక, సిగ్గు విడిచి వెనక బెంచీలో చేరాను.

ముందు బెంచీ లోవకుమారిది. వాళ్ళమ్మ రేవులో చేపలమ్ముతుంది. ఆ పిల్ల నోట్లో ఫ్రెంచి చేపపిల్లలా ఈదేది. మాలో అందరికన్నా ముందు ఆ అమ్మాయికే పెద్ద హోటల్ వాళ్ళు రిసెప్షన్లో ఉద్యోగం ఇస్తామన్నారు. కాకపోతే వాళ్ళకో పద్ధతి ఉంది. మాస్టారు "సిద్ధం" అంటేనే తీసుకుంటారు. వాళ్ళు అడిగారు. మాస్టారు "ఇంకా లేదు" అన్నారు.

మర్నాడు లోవకుమారి పాఠానికి వచ్చింది గాని పుస్తకం తెరవలేదు. కళ్ళు వాచి ఉన్నాయి.

"మాస్టారూ, నాకు రానిదేంటో చెప్పండి. క్రియలొచ్చు. అంకెలొచ్చు. మెనూ అంతా కళ్ళు మూసుకుని అప్పచెప్పేత్తాను. ఊ అంటానని ఆపేశారంట గదండీ? గెస్టు మాట్లాడతా ఉంటే ఊ కొట్టకుండా గుడ్లప్పగించి చూత్తే పొగరనుకోరాండి? పోనీ అర్థం కాలేదని అంటే మొదటిరోజే ఇంటికి పంపేత్తారు. ఊ అనడం మర్యాదండి. మా అమ్మ బేరమాడేవాళ్ళు తిడతా ఉన్నా ఊ కొడద్ది. దాని మీద మీకు ఇంత పగేంటండి?"

మాస్టారితో అలా మాట్లాడినవాళ్ళు లేరు. ఆయనకు కోపం రాలేదు. బల్ల మీద మా సాధన కోసం ఉంచిన పాత టెలిఫోనును ఆమె ముందుకు జరిపారు. దానికి తీగ కూడా లేదు.

"నువ్వు రిసెప్షన్లో ఉన్నావు. ఫోను మోగింది. తియ్యమ్మా" అన్నారు.

లోవకుమారి కళ్ళు తుడుచుకుని, నిటారుగా కూర్చుని, రిసీవరు చెవికి ఆనించి, చక్కటి గొంతుతో ఫ్రెంచిలో పలకరించింది. మాస్టారు గోడవైపు తిరిగారు. అరచెయ్యి చెవికి ఆనించుకున్నారు. ఆపైన వచ్చిన గొంతు ఆయనది కాదు. సన్నగా, గస పోసుకుంటూ, ఏటి పాటులా మాటలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. నా చెవికి "మామేరెతోంబే" అని ఒక ముద్ద వినబడింది.

"ఊఁ" అంది లోవకుమారి, మర్యాదగా.

గొంతు ఇంకాస్త వేగంగా ఏదో చెప్పింది.

"ఊఁ..."

మళ్ళీ ఏదో చెప్పింది. ఈసారి ఊపిరి అందడం లేదు.

"ఊఁ... వీ మదామ్, వీ" అని, నవ్వు మొహంతో, మేం నేర్చుకున్న వీడ్కోలు మాట తప్పుపోకుండా చెప్పి, లోవకుమారి ఫోను పెట్టేసింది. పలుకులో చిన్న మచ్చ లేదు. మాలో ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు.

మాస్టారు ఇటు తిరగకుండానే అడిగారు. "ఏం కావాలట?"

"కొంచెం జోరుగా మాట్లాడారండి. అయినా పట్టేశాను. 'సాల్ ద బాఁ' అన్నారు, బాత్రూము. బాత్రూములో టవళ్ళు లేవంటండి. పంపించేత్తాను."

మాస్టారు అప్పుడు తిరిగారు. ఆ మొహం చూసి నేను బెంచీ మీంచి సగం లేచాను, పడిపోతారేమోనని. ఆయన బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకున్నారు.

"మా మేర్ ఎ తోంబే" అన్నారు, ముద్దని విడదీసి. "మేర్ అంటే?"

"అమ్మండి."

"తోంబే?"

"పడిపోయింది..." అని లోవకుమారి ఆగిపోయింది. విడివిడిగా అడిగితే అన్నీ వచ్చిన మాటలే.

"మా అంటే వాళ్ళకీ మా అనే. ఆ ఒక్క ముక్కా నేర్చుకోనక్కర్లేదు మనం. 'మా అమ్మ పడిపోయింది' అంది ఆ పిల్ల. నువ్వు 'ఎక్కడ?' అన్నావు. 'బాత్రూములో' అంది. 'ఎక్కడ?' అన్నావు మళ్ళీ. గది గురించి అడుగుతున్నావనుకుని 'రెండో అంతస్తు' అంది. 'ఎక్కడ?' అన్నావు ఇంకోసారి. 'మెట్లెక్కగానే కుడివైపు, తొందరగా రండి' అంది. నువ్వు 'అలాగేనమ్మా, అలాగే' అని పెట్టేశావు. లోవా, అవతలవాళ్ళకి ఇంకేం కావాలి? అంత శ్రద్ధగా ఎవరడుగుతారు?"

ధనరాజు, వాడికి మనసులో మాట నోట్లో ఆగదు, "భలే కల్పించారు మాస్టారూ, ఒళ్ళు జలదరించింది" అన్నాడు.

"కల్పించలేదురా. అది మా అమ్మాయి."

ఇన్నేళ్ళుగా ఆయన్ని ఎరుగుదును. ఆయనకో కూతురుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆయన మెల్లగా, మాకు పాఠం చెప్పే గొంతుతోనే చెప్పారు. సెలవులకి ఫ్రాన్సునుంచి భార్యనీ కూతుర్నీ తీసుకుని వచ్చారట. ఒక సముద్రపు ఊళ్ళో, మా దగ్గర ఫ్రెంచి మాట్లాడేవాళ్ళున్నారని గొప్పగా చెప్పుకునే ఒక హోటల్లో దిగారు. ఆ పిల్ల ఫ్రాన్సులోనే పుట్టి పెరిగింది, తెలుగు ముక్క రాదు. అక్కడ దేనికి పనికొస్తుందిలే అని ఈయనే నేర్పలేదట. భార్య కొబ్బరిబోండాం తాగాలనుందంటే కొనడానికి ఒడ్డుకి వెళ్ళారు.

"దూరం కూడా కాదు. బాల్కనీలోకొచ్చి కేకేస్తే వినబడేది. కానీ కేకెందుకు వేస్తుంది? కింద అంత వివరంగా అడిగారు కదా, వచ్చేస్తారని వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది. నాకు అర్థం కాలేదని రిసెప్షన్లో ఆ అమ్మాయి ఒక్కమాట అని ఉంటే, నా దగ్గరికి పరుగెత్తుకొచ్చేది."

"మీరెప్పటికొచ్చారండీ?" అన్నాను నేను. అడక్కుండా ఉండాల్సింది.

"తొందరగానే వచ్చాను. రిసెప్షన్ దగ్గర ఆగాను. ఆ అమ్మాయి నవ్వుతూ 'బోఁజూర్' అంది. పలకడంలో కొంచెం తేడా ఉంది. నాది హోటల్ బుద్ధి కదా, బోండాలు కౌంటరు మీద పెట్టి, ఎలా పలకాలో నేర్పాను. ముచ్చటగా మూడుసార్లు అనిపించాను. చురుకైన పిల్ల, వెంటనే పట్టుకుంది. 'మీ గదికి టవళ్ళు కావాలన్నారు సార్, పంపిస్తున్నాను' అంది. మంచిదమ్మా అని మెచ్చుకున్నాను కూడా. నేనూ టవళ్ళూ కలిసే పైకి వెళ్ళాం."

లోవకుమారి రెండు చేతులతో నోరు మూసుకుంది.

"మా అమ్మాయి తలుపు తీసి నన్ను చూడలేదు. ఆ టవళ్ళ వంక చూసింది. ఎంతసేపో చూసింది. వాళ్ళమ్మ చెయ్యి అప్పటికి చల్లబడిపోయింది." ఆయన టెలిఫోను మీద దుమ్ము లేకపోయినా తుడిచారు. "ఆ తర్వాత చాలా కాలం, అన్నం తింటూ తింటూ ఆపి నన్ను అడిగేది. 'నాన్నా, వాళ్ళు ఎక్కడని అడిగారు. నేను సరిగ్గానే చెప్పాను కదా?' అని. ఇప్పుడు అడగదు. నాతో మాట్లాడదు."

కింద రోడ్డు మీద ఎవరో పూతరేకులు అమ్ముకుంటూ పోతున్నారు. మడ అడవుల మధ్య, నీళ్ళ మీద, ఎందరు ఎన్ని భాషల్లో ఏమేం చెబితే నేను ఎన్ని ఊ లు కొట్టి ఉంటానో తలుచుకుంటే భయం వేసింది.

చివరికి లోవకుమారే అడిగింది. "ఆ రిసెప్షన్ అమ్మాయిని ఏమన్నారండీ?"

"ఏమంటాను? ఎంతో మర్యాదగా మాట్లాడింది."

అని, ఆయన మళ్ళీ గోడవైపు తిరిగారు. అరచెయ్యి చెవికి ఆనించుకున్నారు. "ఫోను మోగుతోందమ్మా" అన్నారు.

లోవకుమారి రిసీవరు తీసింది. ఈసారి ఆయన స్పానిషు ఎత్తుకున్నారు. ఆ భాషలో మేమింకా కాఫీలూ టిఫినీలూ దాటలేదు. వడగళ్ళలా పడ్డాయి మాటలు, ఏడుపో కోపమో కూడా తెలియడంలేదు. లోవకుమారి పెదాలు గుండ్రంగా ముడుచుకున్నాయి. ఊ వచ్చేసిందనే అనుకున్నాం. ఆమె పెదాలు పంటికింద నొక్కిపెట్టుకుంది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. నేర్చుకున్న స్పానిషు, ఫ్రెంచి ఒక్క మాటా నోటికి రాలేదు. ఆఖరికి వాళ్ళమ్మ రేవులో మాట్లాడే తెలుగే బయటికొచ్చింది.

"నాకర్థం కాలేదండి! ఫోను పెట్టకండి, భయపడకండి, నేనే పైకొచ్చేత్తన్నాను!"

అని రిసీవరు బల్ల మీద పడేసి, నిజంగానే లేచి, మేడ మెట్ల దాకా పరుగెత్తింది. అక్కడ తెలివొచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఎవరూ నవ్వలేదు.

మాస్టారు పడి ఉన్న రిసీవరు తీసి జాగ్రత్తగా దాని చోట పెట్టారు.

"రెండు భాషలూ వచ్చేశాయమ్మా నీకు. వెళ్ళి ఉద్యోగంలో చేరు" అన్నారు.