గుజ్జనగూళ్లు ఆడని వంటవాళ్లు

ఒకానొక కాలాన కంకణగిరి రాజ్యాన్ని రణధీరుడనే రాజు ఏలేవాడు. మనిషి మంచివాడే. కాని ఎవరైనా గట్టిగా నాలుగు సంస్కృతం ముక్కలు చదివితే చాలు, అర్థం కాకపోయినా తల ఊపేవాడు.

ఆ ఊరి బడిలో ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే అరుగు మీద కూర్చుని ఇసుకలో అక్షరాలు దిద్దేవారు. విదూషకుడు బుచ్చన్న మనవరాలు గున్నమ్మ అక్కడే చదివేది. గుణింతాలు అయిపోయి అప్పుడే పద్యాల్లోకి వచ్చింది.

ఒకనాడు ఆస్థాన పండితుడు శేషభట్టు సభలో లేచి గొంతు సవరించుకున్నాడు.

"మహాప్రభూ! చిన్నప్పుడు ఏ ఆట ఆడితే పెద్దయ్యాక ఆ విద్యే అబ్బుతుంది. మగపిల్లలు చెడుగుడు ఆడతారు, బిళ్లంగోడు ఆడతారు. గురి, ఎత్తుగడ నేర్చుకుంటారు. ఆడపిల్లలో? గుజ్జనగూళ్లని ఉత్తుత్తి వంటలు వండుకుంటారు. వాళ్లకు వంట చాలు, అక్షరాలు దండగ!"

రాజు తల ఊపాడు. "రేపటి నుంచి ఆడపిల్లలు బడికి రాకూడదు" అన్నాడు.

బుచ్చన్న ఇంటికి వెళ్లేసరికే గున్నమ్మకు కబురు తెలిసిపోయింది. పలక ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"తాతా, నేనేం తప్పు చేశాను?"

బుచ్చన్న వచ్చిన దారినే కోటకు వెళ్లాడు.

"ప్రభూ, పండితులవారి సూత్రం అమోఘం. రాజ్యమంతా దాన్ని అమలు చేసే పని నాకు ఇప్పించండి."

"అలాగే కానియ్యి" అన్నాడు రాజు మురిసిపోతూ.

మర్నాడు మధ్యాహ్నం రాజు భోజనానికి కూర్చున్నాడు. ఎదుటి పంక్తిలో శేషభట్టు అతిథి. ఆకులు వేశారు, నీళ్లు చల్లారు. ఎంతసేపటికీ అన్నం రాలేదు.

"ఏమోయ్ బుచ్చన్నా! వంటవాళ్లేరీ?"

"కోట బయట చెడుగుడు ఆడుతున్నారు ప్రభూ."

"ఏమిటీ?"

"చిన్నప్పుడు ఏ ఆట ఆడావురా అని ఒక్కొక్కణ్ణీ పిలిచి అడిగాను. చెడుగుడు అన్నాడొకడు, బొంగరాలు అన్నాడొకడు. గుజ్జనగూళ్లు ఆడిన మొగాడు ఒక్కడూ లేడు. ఇక వీళ్లకు వంటేం వస్తుంది? పంపేశాను."

"మా నాన్నగారి కాలం నుంచీ వాళ్లే వండుతున్నారు కదయ్యా!"

"సూత్రం ఒప్పుకోదు ప్రభూ."

శేషభట్టుకు కడుపు కాలిపోతోంది. "నేర్పితే ఎవరికైనా వస్తుందయ్యా! చిన్నప్పటి ఆటతో ఏం పని?" అని అరిచి, వెంటనే నాలిక కరుచుకున్నాడు.

రాజు అతనివంక ఓరగా చూశాడు.

బుచ్చన్న వినయంగా అడిగాడు. "ఇంతకీ తమరు చిన్నతనంలో ఏం ఆడేవారు ప్రభూ?"

"కోతికొమ్మచ్చి."

"అందుకే నేను సూత్రం పట్టుకుని సింహాసనం జోలికి పోలేదు. మా గున్నమ్మ రోజూ బొమ్మలకు కొలువు తీర్చి తీర్పులు చెబుతుంది. సూత్రం ప్రకారమైతే మరి…"

"చాలు, చాలు!" రాజు పకపకా నవ్వాడు. అక్కడికక్కడే ఆజ్ఞ రద్దు చేసి, తన భుజం మీది పట్టు శాలువా తీసి బుచ్చన్నకు కప్పాడు. ఆడపిల్లలు ఆ పూటే బడికి పోవచ్చని చాటింపు వేయించాడు.

"ఇప్పుడైనా వంటవాళ్లను పిలవవయ్యా!"

భటుడు పరుగున వెళ్లి, ఒంటరిగా తిరిగొచ్చాడు.

"ఓడిపోతున్న జట్టువాళ్లు కదిలేది లేదంటున్నారు ప్రభూ. ఆట తేలాకే వస్తారట."

ఆ రోజు రాజుగారి భోజనం పొద్దు వాలాక జరిగింది.