పెద్దలు పోయే దశమి

మందరగిరి రాజు కుందవర్మకు ఒక ఉదయం తాంబూలం నములుతుండగా ఓ సంగతి తట్టింది. కోట కట్టించిన తాతగారు, ఓటమి ఎరుగని సేనాపతి, చెరువులు తవ్వించిన మంత్రి, ముగ్గురూ పోయింది మార్గశిర బహుళ దశమి నాడే!

రాజు మురిసిపోయాడు. ముగ్గురి పేర్లూ నల్లరాతి మీద చెక్కించి సభలో నిలబెట్టించాడు.

ఆస్థాన పండితుడు అనంతభట్టు ఊరుకుంటాడా? తన పేరు లేనిచోట ఆయనకు ముద్ద దిగదు.

“ప్రభూ, అది మహనీయులు పోయే తిథి. నేనూ మహనీయుణ్ణే కనుక నా పేరు ఇప్పుడే చెక్కించేయండి. మామూలువాళ్ల తద్దినాలు ఆ రోజు పెట్టకూడదని చాటింపు వేయించండి,” అన్నాడు.

రాజు సరేనన్నాడు. రాతి మీద నాలుగో పేరు పడింది.

విదూషకుడు తిప్పన గుండెల్లో రాయి పడింది. కోట వంటవాడైన అతని తండ్రి సోమన్న పోయిందీ ఆ దశమి నాడే.

“తిథి మార్చుకో,” అన్నాడు భట్టు.

“మా నాన్న పోయి ఆరేళ్లయిందండీ. ఇప్పుడు మార్చుకోమంటే వినే స్థితిలో లేడు.”

సభంతా నవ్వింది గానీ ఆజ్ఞ మారలేదు. నాన్నకు ఏడాదికొక్క ముద్ద, అదీ పెట్టుకోనివ్వరా అని తిప్పనకు కళ్లనీళ్లు తిరిగాయి.

దశమి రానే వచ్చింది. తెల్లారేసరికి భట్టు వాకిట్లో డప్పులు మోగాయి. తలుపు తీస్తే ఎదురుగా పచ్చి వెదురు పాడె, పూలదండలు, తిప్పన. వెనక పల్లకిలో కళ్లు తుడుచుకుంటూ రాజు!

“ఏమిట్రా ఇది?” అన్నాడు భట్టు.

“మహనీయులు వెళ్లే రోజు కదండీ. తమరు ఈ ఏడు వెళ్తారేమోనని వచ్చాం. తొందరేం లేదు, స్నానం చేసి రండి.”

“నాకేం రోగం? గుండ్రాయిలా ఉన్నాను!”

“అయితే పొద్దుగూకేదాకా అరుగు మీద కూర్చుంటాం. కుదరకపోతే వచ్చే దశమికి మళ్లీ వస్తాం. పాడె మాత్రం ఇక్కడే ఉంచుతాం, ఎటూ తమరిదేగా.”

“రాజలాంఛనాలకు లోటు రానివ్వం, భట్టుగారూ,” అన్నాడు రాజు.

లోపల్నించి భట్టు భార్య గొంతు వినబడింది.

“ఏమండీ, రాజుగారంతటివారు గుమ్మందాకా వచ్చారు. కాదంటే ఏం బాగుంటుంది?”

భట్టు పరుగున వెళ్లి రాజు కాళ్ల మీద పడ్డాడు. “నేను మహనీయుణ్ణి కాను ప్రభూ! ఉత్త మామూలు మనిషిని! నా పేరు చెరిపించేయండి!”

“చెరిపిస్తే ఆ చోటు బోసిపోదూ?” అన్నాడు రాజు దిగులుగా.

తిప్పన చేతులు జోడించాడు.

“మా నాన్న పేరు పెట్టించండి ప్రభూ. అన్ని అర్హతలూ ఉన్నాయి, ముందే పోయాడు.”

రాజు పకపకా నవ్వాడు. పల్లకి ఊగిపోయింది, మోసేవాళ్లూ నవ్వాపుకోలేకపోయారు.

“సోమన్న పులిహోర తినే కదా మా తాత కోట కట్టించింది! చెక్కండ్రా ఆయన పేరు!” అని చాటింపు రద్దు చేసి, మెడలోని ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేశాడు.

ఆ పూట సోమన్న తద్దినం కోటలోనే జరిగింది. భోక్తగా కూర్చున్న భట్టు, ప్రాణం దక్కిన సంబరంలో గారెలు అడిగి అడిగి వేయించుకున్నాడు.