గుమ్మానికి పెట్టిన బొట్టు

పేర్రాజుగారిని ప్రశ్న అడిగితే జవాబు వెంటనే రాదు. కళ్లజోడు తుడుచుకుంటారు, ఫ్యాను వైపు చూస్తారు, చివరికి ఏదో పని మీద మనల్ని బయటికి తీసుకెళతారు. కాకినాడలో ఆయన దగ్గర ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్న మా అందరికీ ఇది అనుభవమే. సుభాషిణికి అప్పటికి ఇంకా కొత్త.

ఆ అమ్మాయి ఒక కంటి ఆసుపత్రి కంప్యూటర్ల కోసం చిన్న భాగం రాసింది. గుమస్తా రోగి వివరాలు నింపి బయటికి పోబోతుంటే తెర మీద ఒక పెట్టె వచ్చి, వీటిని దాచాలా వద్దా అని అడుగుతుంది. జవాబు వచ్చేదాకా ప్రోగ్రాం మొత్తం కట్టేసినట్టు ఆగిపోతుంది. అవునంటే దాస్తుంది, కాదంటే చెరిపేస్తుంది. ఏదీ నొక్కకుండా మూలనున్న ఇంటూ గుర్తుతో పెట్టె మూసేస్తే, దాన్నీ కాదనే అనుకుని చెరిపేస్తుంది. పేర్రాజుగారు ఒప్పుకోలేదు. ఏ జవాబొస్తే ఏం చెయ్యాలో ముందే రాసి పెట్టెకి అప్పగించు, ప్రోగ్రాంని తన పని తాను చేసుకోనీ అన్నారు. కాల్‌బ్యాక్ అంటే ఇంతే. సుభాషిణికి అది తల చుట్టూ చెయ్యి తిప్పి ముక్కు పట్టుకున్నట్టు అనిపించింది.

"అడిగాక జవాబు కోసం నిలబడితే తప్పేంటి సార్? నోరు విప్పకుండా మూసేసినవాడు వద్దన్నట్టే కదా?" అంది.

ఆయన కళ్లజోడు తుడుచుకుని, ఆదివారం ఖాళీయేనా అని అడిగారు.

ఆయన ఒక్కగానొక్క కూతురు ఇందుమతి పెళ్లి పది రోజుల్లో ఉంది. భార్య పోయి ఆరేళ్లు. ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి పిలవడానికి ఆడదిక్కు లేదు. పెళ్లికూతురు తన పెళ్లికి తనే పిలుచుకోదు కదా. అలా కుంకుమ భరిణె సుభాషిణి చేతికొచ్చింది. పొద్దున్నుంచి పాతిక గడపలు తిరిగారు. బొట్టు పెట్టడం, కార్డు ఇవ్వడం, తప్పకుండా రావాలని చెప్పి పక్కింటికి నడవడం. వస్తారో రారో తేల్చుకునేదాకా ఎవరి గుమ్మంలోనూ కూర్చోలేదు. అలా కూర్చుంటే పెళ్లినాటికి ఒక వీధి కూడా పూర్తికాదు.

చివరి ఇల్లు ఆయన అక్క శేషారత్నంగారిది. నాలుగు వీధుల దూరంలోనే ఉన్నా అక్కాతమ్ముళ్లకి పదకొండేళ్లుగా మాటల్లేవు. ఇంటికి తాళం వేసి ఉంది. సుభాషిణి అరగంట చూద్దామంది, చూసింది, విసిగింది. మనం వస్తున్నామని తెలిసే వెళ్లిపోయుంటారు, ఇంక దండగ అంది.

అప్పుడు చెప్పారాయన. పదకొండేళ్ల క్రితం అక్క తన కూతురి పెళ్లికి పిలవడానికి ఇలాగే వచ్చింది. అంతకు నెల ముందే ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. ఆ రోజు ఆయన భార్యని విశాఖలో ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఇంటికి తాళం. తమ్ముడు మొహం చాటేశాడనుకుని ఆవిడ గుమ్మానికి బొట్టు పెట్టకుండా, కార్డు కూడా ఉంచకుండా వెనక్కి తిరిగింది. ఆయన ఊరినుంచి వచ్చి బోసిగా ఉన్న గడప చూసి, అక్క నన్ను కాదనుకుంది అనుకున్నారు. పిలవని పేరంటానికి ఎవరు వెళతారు? మేనమామ ఎత్తాల్సిన పెళ్లికూతురి బుట్ట ఎవరో దూరపు చుట్టం ఎత్తాడు. ఆవిడ వచ్చి వెళ్లిందని ఎదురింటివాళ్లు చెప్పేసరికి రెండేళ్లు గడిచాయి, పౌరుషాలు ముదిరాయి. మరదలు పోయినప్పుడు ఆవిడ వీధి మలుపుదాకా వచ్చి ఆగిపోయిందట. ఇద్దరు పెద్దమనుషులు ఒక తాళంకప్ప చెప్పిన మాట నమ్మి తోబుట్టువుని వదులుకున్నారు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సుభాషిణి భరిణె తెరిచి గుమ్మానికి బొట్టు పెట్టింది. పేర్రాజుగారు కార్డుని గొళ్లెంలో దోపి, పక్కింటావిడకి తన నంబరిచ్చి చెప్పవలసింది చెప్పారు. అక్క వస్తానంటే ఒక్క ఫోను చేయించండి, ఏ వేళైనా కారు పంపుతాను. రానంటే అదీ చెప్పించండి, మేనత్తకి పెట్టాల్సిన చీర నేనే తెచ్చి ఇస్తాను. ఏమీ అనకపోతే మీరు ఏమీ చెయ్యక్కర్లేదు, చీర నా దగ్గర ఉంటుంది. అంతే, నడిచి వచ్చేశారు. ఇంటి దగ్గర పందిరివాళ్లు ఎదురు చూస్తున్నారు.

మర్నాడు సుభాషిణి కూర్చుని తను రాసింది మార్చింది. ఇప్పుడు జవాబు చెప్పకుండా పెట్టె మూసినా ఏదీ చెరగదు. నింపినవన్నీ అలాగే ఉంటాయి, గుమస్తా మళ్లీ వస్తే మళ్లీ అడుగుతుంది.

పెళ్లయింది. శేషారత్నంగారు రాలేదు, ఫోనూ రాలేదు. పీటల పక్కన ఆవిడ కోసం వేయించిన కుర్చీలో ఆయన చివరిదాకా ఎవర్నీ కూర్చోనివ్వలేదు. కూతురు అత్తారింటికి వెళ్లాక ఆ ఇంట్లో ఉండబుద్ధి కాక, సెలవురోజుల్లో కూడా ఆఫీసుకొచ్చి ఒక్కరే కూర్చునేవారు. రెండు డబ్బాల క్యారియరు ఒక డబ్బాకి తగ్గింది. అది చూస్తే నాకు దిగులేసేది.

ఒకరోజు ఏదో కాగితం కోసం ఆయన బల్ల సొరుగు తెరిచిన సుభాషిణికి, పసుపు పెట్టిన కవరులో చీర మడత విప్పకుండా కనిపించింది. ఉండబట్టలేక, ఇక ఆవిడ రానన్నట్టే కదా సార్ అంది.

పేర్రాజుగారు ఈసారి కళ్లజోడు తుడుచుకోలేదు, ఫ్యాను వైపు చూడలేదు.

"రాలేదన్నది నిజమే అమ్మాయ్. రానందని నీతో ఎవరు చెప్పారు?"